జరం రాని సోమవారాలు

బీడీ తియ్యగా అనిపించిందంటే ఆ సాయంత్రం చలిజరం ఖాయం. నాంపల్లి స్టేషన్ వెనక సందులో మేము పనిచేసిన ఇత్తడి కార్ఖానాలో ఈ సంగతి తెలియని మనిషి లేడు. పొద్దున పోత మనిషి మూస ముందు నిలబడి, అందులో కరిగిన ఇత్తడి అచ్చుల్లోకి పోస్తాడు. మధ్యాహ్నం బీడీ ముట్టిస్తే నోట్లో తీపి. పొద్దుగూకేసరికి ఒళ్లు నొప్పులు, దగ్గు, ఎన్ని నీళ్లు తాగినా తీరని దాహం, రెండు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు. తెల్లారేసరికి చెమట పట్టి దిగిపోతుంది. మనిషి మళ్లీ పనికి వస్తాడు.

నేను పోత పోసేవాణ్ణి కాదు, తూకం మనిషిని. లోపలికి వచ్చే పాత ఇత్తడి తూచేవాణ్ణి. పగిలిన బిందెలు, సొట్టపోయిన చెంబులు, పంతొమ్మిది వందల నలభై ఎనిమిది తర్వాత కొన్నాళ్లు బస్తాలకు బస్తాలు పాత ఫౌజీ యూనిఫాం గుండీలు, బెల్టు బిళ్లలు. బయటికి పోయే నల్లాలు, తలుపు గడియలు మళ్లీ తూచేవాణ్ణి. హాజరు పుస్తకం కూడా నా చేతిలోనే ఉండేది. నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఉస్మాన్‌గంజ్‌లో ధాన్యం బస్తాలు లెక్కపెడుతూ పావులు, వీసాలు, వాటి కూడికలు సొంతంగా నేర్చుకున్నాను. అందువల్ల ఏదైనా లెక్క నా చేతికి చిక్కితే తేలేదాకా వదిలేవాణ్ణి కాదు. అది మంచి గుణమని చాలా ఏళ్లు అనుకున్నాను.

మా అక్కను, బావను పట్నం రప్పించింది నేనే. నల్లగొండ దిక్కు వాళ్ల ఊళ్లో ఆ రెండేళ్లు దాడులు, కాల్పుల మధ్య బతికే తీరు లేకపోయింది. నలభై ఎనిమిదిలో మూటముల్లె సర్దుకొని వచ్చారు. నా గదికి ఆనుకొని ఉన్న గది కిరాయికి తీసుకున్నాం. కార్ఖానా సేఠ్‌తో మాట్లాడి బావను బట్టీ దగ్గర పనికి పెట్టించాను. బావ నాకంటే రెండేళ్లు పెద్ద. అంతకు ముందు నాగలి తప్ప మరో పని ఎరగడు. అయినా ఆర్నెల్లు తిరగకుండానే, మంట రంగు చూసి ఇత్తడి పోతకు వచ్చిందో లేదో చెప్పగల మనిషి అయ్యాడు.

బావ ఊపిరి గురించి ముందే చెప్పాలి. ఆయన వాళ్ల ఊళ్లో చెడుగుడు ఆటగాడు. అవతలి బరిలోకి దూరి, ఇద్దరిని తాకి, కూత తెగకుండా గీత దాటి వచ్చేవాడట. మా కార్ఖానాలో ఛుట్టీ రోజున నుమాయిష్ మైదానం పక్కన ఖాళీ జాగాలో ఆడేవాళ్లం. ఆట అయిపోయాక నాతో ఒక పందెం ఉండేది. ఒక్క ఊపిరిలో ఎవరు ఎంతదాకా లెక్కపెడతారు అని. నాకు నలభై దాటేది కాదు. అంకెలు సరిగ్గా రాని బావ మాత్రం, నేను నేర్పిన అంకెలతోనే, డెబ్బై రెండు దాకా పోయేవాడు.

"ఏంది బామ్మర్ది, లెక్కలు నీయి, గెలుపు నాది" అనేవాడు. "నీకు అంకెలు శానా తెల్సు గని వాటిని మోసే ఊపిరి లేదు."

డెబ్బై రెండు. నలభై తొమ్మిది చలికాలంలో నేనే వేళ్లు మడిచి లెక్కపెట్టాను.

అప్పటిదాకా మాకు ఛుట్టీ శుక్రవారం. ఆ రోజుల్లోనే సర్కారు దఫ్తర్ల ఛుట్టీ ఆదివారానికి మారింది. మా సేఠ్ కూడా మార్చాడు. అప్పుడే నాకు ఒక విచిత్రం కనిపించింది. అంతకు ముందు హాజరు పుస్తకంలో జరం వచ్చినవాళ్ల పేర్ల పక్కన నేను పెట్టిన చుక్కలు ఎక్కువగా శనివారం గడిలో ఉండేవి. ఛుట్టీ మారిన నెలలోనే ఆ చుక్కలన్నీ సోమవారం గడిలోకి జరిగిపోయాయి.

సేఠ్‌కు చూపిస్తే నవ్వాడు. "గందుల ఏమున్నది? ఛుట్టీ నాడు కల్లు తాగుతరు, తెల్లారి జరం అంటరు. దాన్ని జరం అనరు, నిషా అంటరు."

ఈ మాట బావకు తగిలింది. ఆయన మెడలో తులసి పూసలు ఉండేవి. కల్లు ముట్టినవాడు కాదు. కానీ సోమవారాలు అందరికంటే ఎక్కువ వణికేది ఆయనే. తోటివాళ్లు ఊరుకుంటారా? "పూసలు మెడల, ముంత సంకల" అని దెప్పేవాళ్లు. బావ పైకి నవ్వేవాడు, ఇంటికి వచ్చి మాట్లాడేవాడు కాదు.

యాభైలో ఒక రోజు ఆ వణుకుతోనే అన్నాడు, "బామ్మర్ది, నాతోని గాదు. ఉస్మాన్‌గంజ్‌ల నువ్వు పనిజేసిన దుకాణపాయన గోదాముకు మనిషి కావాలన్నడు గద. నేను గాడికి పోత. గింజల దుమ్ముకు తుమ్ములొస్తయ్, గంతే. గిట్ల వారానికోసారి సచ్చి బతుకుడు ఉండదు."

"జర ఆగు బావా" అన్నాను. "ఒక్క నెల ఆగు. నేను గీ జరం సంగతి తేలుస్త."

ఆ రెండు మాటలు అనకపోతే ఇప్పుడు ఇది రాయవలసిన పని ఉండేది కాదు. బావను ఎందుకు ఆపానో నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. పక్క గదిలో అక్క ఉంటే నాకు వేళకు ఇంత బువ్వ దొరుకుతుందని. మంచి పోత మనిషి పోతే సేఠ్ నన్ను అంటాడని. అవి నిజమే కానీ అసలుది మరొకటి. లెక్క సగంలో ఉంది. అందరికంటే ఎక్కువ చుక్కలు ఉన్న మనిషి వెళ్లిపోతే అది తేలదు.

తేల్చాను. రెండేళ్ల హాజరు పుస్తకాలు ముందేసుకొని చూస్తే, దసరా ముందు పని ఎక్కువై మూడు వారాలు ఛుట్టీ లేకుండా నడిచిన రోజుల్లో ఒక్క చుక్క కూడా లేదు. వారం మధ్యలో పండుగ వస్తే ఆ మర్నాడు చుక్కలు. అంటే కల్లు కాదు. ఒక రోజు పొగ లేకుండా గడిపి మళ్లీ పొగలోకి వస్తే జరం. రోజూ పొగలో ఉంటే ఒళ్లు అలవాటు పడి ఊరుకుంటుంది. సేఠ్ ముందు ఈ మాట చెప్పినప్పుడు నా గొంతు ఎంత గర్వంగా ఉందో ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. కల్లు నింద పోయింది. బావ నా భుజం మీద చెయ్యి వేశాడు.

సేఠ్ వెంటనే అందుకున్నాడు. "అయితే ఛుట్టీ తీసేస్తే జరం రాదంటవ్."

ఛుట్టీ పోకుండా కాపాడాననే అనుకున్నాను. "ఛుట్టీ ఉండనియ్యండి సేఠ్. ఆదివారం సాయంత్రం ఒక్క గంట వస్తే చాలు" అన్నాను.

అలా మొదలైంది పొగ పూట. ఆదివారం నాలుగు గంటలకు బట్టీ దగ్గర పనిచేసే పద్నాలుగు మందీ వచ్చేవాళ్లు. ఒక్క చిన్న మూస ఎక్కించేవాళ్లు. దాని నుంచి తెల్లటి పొగ లేస్తుంటే చుట్టూ నిలబడి, ఊరి కబుర్లు చెప్పుకుంటూ, ఒకరి మీద ఒకరు జోకులు వేసుకుంటూ పీల్చేవాళ్లు. అరగంట చాలదని, గంట చాలునని కూడా నేనే తేల్చాను. మొదటి రెండు వారాలు అరగంట పెట్టి చూశాను, సోమవారం మూడు చుక్కలు, నాలుగు చుక్కలు పడ్డాయి. గంట చేశాను, చుక్కలు పోయాయి. పోతూ పోతూ ఒక్కొక్కరి చేతిలో బెల్లం ముక్క పెట్టేవాణ్ణి. బెల్లం తింటే గొంతులో పొగ కడిగేస్తుందని మా నమ్మకం.

ఇంకొకటి కూడా చేశాను. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను.

కరిగిన ఇత్తడి నుంచి లేచే ఆ పొగ పైకప్పు దూలాల మీద పత్తి పీచులాగా తెల్లగా పేరుకునేది. ఊదితే ఎగిరేంత తేలిక. బావ తన చిన్నాన్న దినాలకు ఊరికి పోయి వారం ఉండవలసి వచ్చింది. వారం పొగ లేకపోతే తిరిగి వచ్చాక పెద్ద జరం తప్పదు. నేను చీపురుతో ఆ తెల్ల మసి దులిపి, పాత ధోవతి గుడ్డలో మూట కట్టి ఇచ్చాను. పడిసం పట్టినవాళ్లకు వాము మూట కట్టి వాసన చూడమంటాం, అచ్చం అలాగే.

"పొద్దుమాపు రెండు పూటలా చూడు బావా. గట్టిగ పీల్చు" అన్నాను.

అక్క ఆ మూటను భక్తిగా తీసుకొని సంచిలో పెట్టింది. ఆ తర్వాత ఊరికి పోయినప్పుడల్లా ఆమే అడిగి కట్టించుకునేది. ఐదు సార్లు పోయాడు. మూడు సార్లు తిరిగి వచ్చాక జరం రాలేదు, రెండు సార్లు వచ్చింది. ఐదింట మూడు చూసి మూట పనిచేస్తుందని చెప్పాను. ఉస్మాన్‌గంజ్‌లో ఎవడైనా అలాంటి తూకం వేస్తే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.

గోదాము పని మాట మళ్లీ రాలేదు. ఐదేళ్లు గడిచాయి. సోమవారం గడి తెల్లగా ఉండేది. ఎవరింట్లో శుభకార్యం అయినా నాకు ముందు తాంబూలం ఇచ్చేవాళ్లు. చెడుగుడు ఎప్పుడు మానేశామో నాకు గుర్తు లేదు. ఆదివారం సాయంత్రం పొగ పూటకు పోవడంతో ఆటకు వేళ లేకపోయింది. ఒక్క ఊపిరి పందెం కూడా దాంతోనే పోయింది. నా పుస్తకంలో జరానికి ఒక గడి ఉంది. ఊపిరికి గడి లేదు.

యాభై ఐదు వానాకాలంలో అక్క ఒక రోజు బావ మీద ఫిర్యాదు చేసింది.

"మీ బావకు సుస్తీ ఎక్కువైంది తమ్మీ, ఒళ్లు వంచుతలేడు. మునుపు పొయ్యి ముట్టకుంటే ఊదుగొట్టం గుంజుకొని ఒక్క ఊదుకు మంట లేపేటోడు. ఇప్పుడు ఊదుమంటే, నువ్వే ఊదు అని గొట్టం నా చేతుల పెడ్తున్నడు."

"మగోడు పొయ్యి ముందట కూసుంటే నలుగురు నవ్వుతరే" అన్నాడు బావ గోడకు ఆనుకొని.

"నవ్వేటోళ్లు ఏడేండ్ల సంది నవ్వలే గని, ఇప్పుడు నవ్వుతరా?"

నేను కూడా నవ్వి ఊరుకున్నాను.

ఆ తర్వాత పదిహేను రోజులకు, అక్కకు కళ్లద్దాలు చేయించడానికి బావ, నేను ఆబిడ్స్ బయలుదేరాం. అక్క పాత అద్దాలు బావ జేబులో ఉన్నాయి. నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాకా నా అడుగులు నాకు తెలుసు. ఎన్నోసార్లు లెక్కపెట్టాను, పది అడుగులు అటూ ఇటూ తప్ప మారవు. ఆ రోజు లెక్క సాగడం లేదు. బావ ఆగుతున్నాడు. మొదట ఒక ఫోటోల దుకాణం ముందు ఆగాడు. ఎవరో పెళ్లి కొడుకు ఫోటో చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గడియారాల దుకాణం. తర్వాత బిస్కెట్ల అద్దాల పెట్టె. ఎప్పుడూ దేన్నీ కన్నెత్తి చూడని మనిషి.

నాలుగోసారి ఆడవాళ్ల ఎత్తు మడమ చెప్పుల దుకాణం ముందు ఆగాడు.

"గీ చెప్పులు నీకెందుకు బావా?"

"మీ అక్కకు."

"అక్క గీ మడమల మీద నిలవడితే కింద పడ్తది."

"చూసుడుకు పైసలు అడుగుతరా? చూడనియ్యి."

అద్దంలో ఆయన నీడ కనిపించింది. చెప్పుల వైపు చూడడం లేదు. కళ్లు మూసుకొని, నోరు కొద్దిగా తెరిచి, భుజాలు పైకి ఎత్తి ఊపిరి లాగుతున్నాడు. దుకాణాలు చూడడానికి ఆగడం లేదు. ఆగడానికి దుకాణాలు వెతుక్కుంటున్నాడు.

పాత ఫిరంగుల కార్ఖానా తోప్ కా సాంచా దిక్కు చెయ్యి చూపించి ఆయనే మాట కలిపాడు. "ఒకప్పుడు గాడ తోపులు పోసిన్రట. మనం నల్లాలు పోస్తున్నం. గంతే తేడా." ఆ నాలుగు మాటలకు మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు.

పోస్టాఫీసు చేరేసరికి ఏడు సార్లు ఆగాడు. అడుగుల లెక్క మొదటిసారి తప్పాను.

డాక్టరు దగ్గరికి పోవడానికి బావ ఒప్పుకునేసరికి యాభై ఆరు సంక్రాంతి దాటింది. చాదర్‌ఘాట్ దగ్గర ఒక పెద్ద వయసు డాక్టరు ఉండేవాడు, నెమ్మదిగా మాట్లాడేవాడు. గొట్టం పెట్టి వీపంతా విన్నాడు. తర్వాత, "గట్టిగా ఊపిరి పీల్చి, మళ్లీ పీల్చకుండా అంకెలు లెక్కపెట్టు" అన్నాడు.

బావ నా వైపు చూసి నవ్వాడు, పాత పందెం గుర్తొచ్చి. మొదలుపెట్టాడు. నేను వేళ్లు మడవలేదు, మడవవలసిన పని రాలేదు. పంతొమ్మిది దగ్గర గొంతు ఆగిపోయి దగ్గు వచ్చింది.

"మునుపు ఎంతదాకా పోయేవాడు?" డాక్టరు అడిగాడు.

"డెబ్బై రెండు" అన్నాను.

డాక్టరు తల ఎత్తి నన్ను చూశాడు. బహుశా అంత కచ్చితంగా జవాబు ఎవరూ చెప్పి ఉండరు. పని గురించి అడిగాడు, చెప్పాను. జరం వస్తుందా అని అడిగాడు.

"రాదండి. ఐదేండ్ల సంది సోమవారం జరం లేదు" అన్నాను. అప్పటికి కూడా నా గొంతులో కొంచెం గర్వం ఉంది. ఎలా లేదో అడిగాడు. పొగ పూట సంగతి, తెల్ల మూట సంగతి చెప్పాను. చెబుతుంటే ఆయన చేతిలోని కలం కాగితం మీదికి దిగింది.

"జరం తగ్గింది గాని పొగ తగ్గలేదు గదా నాయనా" అన్నాడు. "ఈ జరం ఒక్క రాత్రిలో పోతుంది. పొగ లోపల చేసిన గాయం అట్లా పోదు. ఏండ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి, గాలి పట్టే జాగా తగ్గుతుంది. జరానికి భయపడి ఆ పని వదిలేసినవాళ్లే బాగుపడ్డారనుకో."

మందు రాశాడు. పని మానమన్నాడు. పోయిన జాగా తిరిగి వస్తుందా అని బావ అడిగాడు. ఇంకా పోకుండా చూసుకుందాం అన్నాడు డాక్టరు.

ఇంటికి వచ్చాక నేను లెక్క వేశాను. వేయకుండా ఉండలేకపోయాను. వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు, నలభై ఎనిమిది. పొగ పూట ఒక గంట. మొత్తం నలభై తొమ్మిదిలో నాది ఒకటి. మూట లెక్క అందులో కలిపినా పెద్దగా పెరగదు. కాసేపు ఆ నలభై తొమ్మిదో వంతు వెనక దాక్కున్నాను. తర్వాత ఉస్మాన్‌గంజ్ గోదాము గుర్తొచ్చింది. నేను ఆపకపోతే ఆ ఐదేళ్లలో ఆయన పీల్చే పొగ సున్నా. అప్పుడు నాది నలభై తొమ్మిదింట ఒకటి కాదు, నలభై తొమ్మిదీ.

మర్నాడు పొద్దున వాకిట్లో కూచున్న బావతో ఇదంతా చెప్పాను. వంతులతో సహా చెప్పాను. అక్క లోపల బియ్యం ఏరుతోంది, వింటూనే ఉంది.

"గా గోదాము నౌకరీ నాకు యాదికే ఉన్నది" అన్నాడు బావ. "నీకు యాది లేదేమో అనుకున్న."

"నిన్ను ఆపింది నేనే బావా."

"నువ్వు తాడేసి కట్టెయ్యలే. జరం పోయిందని మురిసి నేనే ఉన్న." ఆగాడు, ఊపిరి తీసుకున్నాడు. "గని, నువ్వు లెక్క జెప్తే నేను అడ్డం మాట్లాడనని నీకు ఎర్కే. గది కూడ రాసుకో."

లోపల చేట చప్పుడు ఆగిపోయింది. అక్క బయటికి వచ్చి, చిలక్కొయ్యకు వేలాడుతున్న ఆ మూటను తీసి, మమ్మల్ని చూడకుండా సందు మలుపులో కుప్ప మీద పారేసి వచ్చింది. కాళ్లు కడుక్కొని మళ్లీ బియ్యం ముందు కూచుంది. ఆ రోజు నాకు బువ్వ పెట్టింది, మాట మాత్రం లేదు.

బావ పని మానేశాడు. కానీ ఆదివారం నాలుగు గంటలకు పొగ పూట నడుస్తూనే ఉంది. ఆ వారం నేను పోయి వద్దన్నాను. వాళ్లు నన్ను వింతగా చూశారు.

"నువ్వే పెట్టినవ్, నువ్వే వద్దంటున్నవ్" అన్నాడు ఒకాయన. "సోమవారం జరమొస్తే నువ్వు మా తరఫున వణుకుతవా?"

అందరూ నవ్వారు. ఐదేళ్లు చుక్కల లెక్క చూపించి వాళ్లను నమ్మించినవాణ్ణి, ఇప్పుడు చూపించడానికి నా పుస్తకంలో ఏమీ లేదు.

పై ఆదివారం బావ నాకు చెప్పకుండా నా వెనకే వచ్చాడు. గేటు దగ్గర కాసేపు నిలబడి, నెమ్మదిగా బట్టీ ముందుకు వచ్చాడు. మూస ఇంకా ఎక్కించలేదు. అందరూ పలకరించారు. పాతవాళ్లకు ఆయన చెడుగుడు తెలుసు.

"ఒక్క ఆట ఆడుదాం" అన్నాడు నవ్వుతూ. "బరి అక్కర్లేదు. ఒక్క ఊపిరి పందెం. మా బామ్మర్ది లెక్క పెడ్తడు."

అంకెలు మొదలుపెట్టాడు. మొదట్లో నవ్వులు వినిపించాయి. పది దాటాక తగ్గాయి. పదహారు దగ్గర ఆగాడు. ఇంకా పోదామని నోరు తెరిచాడు, గాలి రాలేదు. తూకం కాటా స్తంభం పట్టుకొని వంగిపోయాడు. నేను పోయి పట్టుకున్నాను. ఆయన దగ్గు ఆగేదాకా ఎవరూ కదలలేదు.

ఆ సాయంత్రం పద్నాలుగులో బావ పోగా మిగిలిన పదమూడు మందిలో తొమ్మిది మంది ఇళ్లకు వెళ్లిపోయారు. నలుగురు ఉండి మూస ఎక్కించారు. సోమవారం పోత పోసి ఇంటికి పోయిన ఆ తొమ్మిది మందిలో ఏడుగురికి జరం వచ్చింది. మంగళవారం కళ్లు గుంటలు పడి వచ్చి, "నీ లెక్క మాత్రం తప్పదు" అన్నారు, మెచ్చుకోలుగా కాదు. ఐదేళ్ల తర్వాత సోమవారం గడిలో ఏడు చుక్కలు పెట్టాను. సేఠ్ కేకలు వేశాడు. మెల్లగా, నెల రోజులు పోరితే, బట్టీ మీద రెండు వరసల పెంకులు తీయించాడు. పొగ కొంత పైకి పోతోంది. వానాకాలం వచ్చేలోపు, జరం పడలేక ఇద్దరు వేరే పని చూసుకొని పోయారు. ఒకాయన లక్డీకాపూల్ దగ్గర ఒక దఫ్తర్‌లో చప్రాసీ. పోయేముందు నాకు చెప్పి పోయాడు. బావకు నేను చేసినదాంట్లోంచి ఆ ఇద్దరిని తీసివేసే లెక్క కోసం వెతికాను. అలాంటిది లేదు.

ఇప్పుడు బావ పగలంతా వాకిట్లోనే కూచుంటాడు. సందులో పోయేవాళ్లందరితో మాట్లాడతాడు. మాటల మధ్య ఊపిరి కోసం ఆగుతాడు. ఆ ఆగడాన్ని నవ్వుతో కప్పుతాడు. అక్క మళ్లీ నాతో మాట్లాడుతోంది, పొయ్యి మాత్రం నన్ను ఊదమంటుంది.

మొన్న ఆదివారం ఆయన పక్కన కూచున్నాను. వాళ్ల ఊరివైపు నుంచి వచ్చిన ఎవరికో పాత ఆట సంగతి చెబుతున్నాడు. మధ్యలో నా వైపు తిరిగాడు.

"నీ పెదాలు కదులుతున్నయ్ బామ్మర్ది. నాకు ఒక్క ఊపిరికి ఎన్ని మాటలొచ్చినయ్?"

"లెక్కపెడ్తలేను బావా" అన్నాను.

ఆరు వచ్చాయి.